మేనిఛాయ పట్టింపు (తెలుగు స్త్రీలు)

స్త్రీ అందాన్ని ఒంటి రంగుతో తూచే అలవాటు. పెళ్లిచూపుల్లో, వధూవరుల ప్రకటనల్లో బాహాటంగా కనిపిస్తుంది. నల్లపిల్లను ‘చామనచాయ’ అని సర్దిచెప్పడం, ఆ కొరతకు కట్నం పెంచడం ఇందులో భాగాలే.

దీని పుట్టుకపై రెండు వాదాలున్నాయి. తెల్లదొరల పాలనతో వచ్చిందని ఒకటి. పొలంలో ఎండకు మాడేవారికీ నీడపట్టున ఉండేవారికీ మధ్య కులం గీసిన గీతే మూలమని మరొకటి. రెండోదే ఎక్కువ పొసగుతుంది. అలాగని నలుపును అన్నిచోట్లా చిన్నచూపు చూశారనలేం. వ్యాసుడి ద్రౌపది నల్లనిదే. 13వ శతాబ్ది చివర మార్కో పోలో, మాబార్ తీరంలో నల్లనివారికే మన్నన ఎక్కువనీ, బిడ్డలకు నువ్వులనూనె రాసి మరింత నల్లబరుస్తారనీ రాశాడు. అది తమిళ తీరం సంగతి. తెలుగు తీరంలోని మోటుపల్లి గురించి రాసినచోట అతడు ఈ మాట ఎత్తలేదు. హిందూపురం దగ్గరి లేపాక్షిలో, 16వ శతాబ్ది కుడ్యచిత్రాల్లోని స్త్రీల రంగులను కూడా కొందరు ఇందుకు సాక్ష్యంగా చూపుతారు. కావిమన్ను, సున్నం, మసి వంటివాటితో వేసిన బొమ్మల నుంచి అంత దూరం లాగడం సబబు కాదు.

ఈ కాలంలో బాగా నమోదైన ఉదంతం దావులూరి నీనాది. విజయవాడ నుంచి వలస వెళ్లిన కుటుంబంలో అమెరికాలో పుట్టి, చిన్నప్పుడు కూచిపూడి నేర్చిన ఆమె 2013 సెప్టెంబరు 15న మిస్ అమెరికా 2014 కిరీటం గెలిచింది. భారత సంతతిలో ఆమే మొదటిది. అక్కడి జాత్యహంకారులు ఆమెను అరబ్బు అంటూ దూషించారు. ఇంత నలుపుతో భారత్‌లో అయితే గెలిచేదే కాదని ఇక్కడివారే రాశారు; ఈ రెండోదే మన వ్యాసానికి ముఖ్యం. అంతకు సరిగ్గా 30 ఏళ్ల ముందు, 1983లో, తొలి నల్లజాతి మిస్ అమెరికాగా గెలిచిన వెనెస్సా విలియమ్స్‌కు బెదిరింపులొచ్చాయి. లేతరంగు వల్లే గెలిచిందని నల్లజాతివారిలోనే కొందరన్నారు. నీనా ఆ తర్వాతి కాలంలో ‘కాంప్లెక్షన్’ అనే డాక్యుమెంటరీ తీసి, తెల్లబరిచే క్రీములపై ప్రచారానికి దిగింది.

అలాంటి క్రీముల్లో, 1975లో మార్కెట్లోకి వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 2020లో ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. ఆ ఏడాదే పెళ్లి సంబంధాల వెబ్‌సైట్ షాదీ డాట్ కామ్ ఒంటి రంగును బట్టి సంబంధాలు వెతికే వీలును తీసేసింది. మామూలు తెల్లబరిచే క్రీములకన్నా ప్రమాదకరమైనవి స్టిరాయిడ్ క్రీములు: తెలుపు కోసం నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, మొటిమలు, నూగు వెంట్రుకలు వస్తాయి. వీటిలో 14 రకాలను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని కేంద్రం 2018లో నిర్ణయించింది.