స్విచ్ వేయగానే తెర ఎట్లా మారుతుంది? ఆండ్రాయిడ్ చాటింపు కథ

మన మేడ్చల్, శామీర్‌పేట వైపు ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. కండ్లకోయ చుట్టూ అవే. బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ కూడా 2008లో శామీర్‌పేట దగ్గర జవహర్‌నగర్‌లోనే మొదలైంది. ఇక్కడ యాప్‌లు రాసే పిల్లలు వాడే ఒక చిన్న స్విచ్ చరిత్ర ఈ ఎపిసోడ్‌లో చెప్పుకుందాం.

2012. ఆండ్రాయిడ్ జెల్లీబీన్ వచ్చిన సంవత్సరం. 4.1తో తెలుగు, కన్నడ, మలయాళ అక్షరాలకు వీలు దొరికింది. అదే ఏడాది 4.2లో డెవలపర్ ఆప్షన్లను దాచేశారు. బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితేనే బయటికొస్తాయి. ఆ మెనూలో 'షో లేఅవుట్ బౌండ్స్' అని ఒకటుంది. అది వేస్తే తెర మీద ప్రతి బటన్‌కీ, ప్రతి మాటకీ చుట్టూ గీతల పెట్టె కనిపిస్తుంది.

మనకిది ఎందుకు ముఖ్యం? ఇంగ్లీషు అక్షరానికి సరిపోయే ఎత్తులో 'స్త్రీ' అని పెట్టి చూడండి. పైన గుడి, కింద వత్తులు. పెట్టె ఎత్తు బిగించేస్తే వత్తు తెగిపోతుంది. 'కల్ల' కాస్తా 'కల' అవుతుంది!

ఇక చిక్కు ఎక్కడంటే, స్విచ్ వేస్తే ఫోను లోపల 'డీబగ్.లేఅవుట్' అనే ప్రాపర్టీ మారుతుంది. కానీ నడుస్తున్న యాప్ పాత విలువను ముందే చదివి దగ్గర పెట్టుకుంది. మళ్లీ చదవమని ఎవరో ఒకరు చెప్పాలి, లేదా యాప్‌ను మూసి తెరవాలి. సెకనుకు 60 సార్లు గీసే తెర, గీసిన ప్రతిసారీ "మారిందా, మారిందా" అని అడుగుతూ కూర్చోవడం దండగ కదా.

అందుకే చాటింపు పద్ధతి పెట్టారు. సెట్టింగ్స్ యాప్ విలువ మార్చి, సిస్టమ్ సర్వీసులన్నిటికీ కబురు పంపుతుంది. వాటిలో యాక్టివిటీ మేనేజర్ దాన్ని నడుస్తున్న యాప్‌లకు అందిస్తుంది. కబురులో కొత్త విలువ ఉండదు. "ఏదో మారింది, మళ్లీ చూసుకోండి" అని మాత్రమే. యాప్ చూసుకుని, మారి ఉంటే తెరను తిరిగి గీస్తుంది.

ఈ కబురుకో నంబరుంది: 1599295570. నాలుగు బైట్లుగా విడదీస్తే అండర్‌స్కోర్, ఎస్, పి, ఆర్ అక్షరాలొస్తాయి. సిస్టమ్ ప్రాపర్టీస్‌కు పొట్టిపేరన్నమాట. కంప్యూటర్ నుంచి ఏడీబీలో సెట్‌ప్రాప్ కొట్టి, తెర మారలేదని తల పట్టుకునేవాళ్లకు మందు ఇదే. యాక్టివిటీ సర్వీసుకు ఈ నంబరుతో ఒక కాల్ పంపాలి.

విలువ మార్చడం సగం పనే. మారిందని చెప్పడం మిగతా సగం. మన యాప్‌లలో సెట్టింగులు రాసేటప్పుడూ ఇదే లెక్క. ఈసారి తెలుగు యాప్ చేసేటప్పుడు ఆ స్విచ్ వేసి, వత్తులు పెట్టె దాటుతున్నాయేమో ఒకసారి చూడండి.