పడకగదిలో ఇనుము, ఎదుటి మేడపై టవర్: ఒక భయం చరిత్ర

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఇనుము, అయస్కాంతం, విద్యుత్తు గురించిన ప్రజల భయాలు కాలక్రమంలో ఎలా మారాయో వివరించగలుగుతారు.
• నిరూపితమైన ప్రమాదానికీ, అనుమానానికీ తేడా చెప్పగలుగుతారు.

1. పరిచయం

ఎంఎంటీఎస్ రైల్లో భరత్‌నగర్ దాటితే బోరబండ వస్తుంది. దాని తరువాతి స్టేషన్ హైటెక్ సిటీ. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ ప్రాంతం ఐటీ కేంద్రంగా పెరిగింది. పక్కనే ఉన్న బోరబండ సైట్-1, సైట్-2, సైట్-3 వీధుల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. వంట, పిల్లల చదువు, నిద్ర అన్నీ ఒకే గదిలో సాగే కుటుంబాలు అనేకం. అలాంటి గదిలో ఇనుప మంచం, బీరువా, కూలర్, దిండు పక్కన సెల్‌ఫోన్ చేతికందే దూరంలోనే ఉంటాయి. కిటికీ తెరిస్తే ఎదుటి మేడపై టవర్ కనిపిస్తుంది. వీటిలో ఏది హాని చేస్తుంది? ఈ ప్రశ్న కొత్తది కాదు. దానికి ఒక చరిత్ర ఉంది.

2. ఇనుము: రక్షణ నుంచి అనుమానానికి

మన పల్లెల్లో ఇనుమును కాపుదలగా భావించారు. బాలింత మంచం కింద కత్తినో, ఇనుప ముక్కనో ఉంచేవారు. దిష్టి, గాలి సోకకుండా ఇనుము అడ్డుపడుతుందని నమ్మకం. అదే ఇనుము ఇప్పుడు అనుమానితమైంది. బీరువా దగ్గర పడుకోవద్దని, ఇనుప మంచం ‘తరంగాలను లాగుతుంది’ అని చెప్పేవారున్నారు.

ఉత్తరం వైపు తల పెట్టి పడుకోకూడదన్న ఆచారం కూడా ఇలాగే రూపం మార్చుకుంది. పూర్వం దానికి చెప్పిన కారణాలు వేరు. ఇప్పుడు ‘రక్తంలోని ఇనుమును భూమి అయస్కాంతం లాగుతుంది’ అని శాస్త్రభాషలో చెబుతున్నారు. రక్తంలోని ఇనుము మేకులోని లోహం వంటిది కాదు. అది హిమోగ్లోబిన్ అణువులో కలిసి ఉంటుంది. ఆక్సిజన్ కలిసిన రక్తాన్ని అయస్కాంతం ఆకర్షించదని, స్వల్పంగా వికర్షిస్తుందని లైనస్ పాలింగ్, చార్లెస్ కోరియెల్ 1936లో స్పష్టంగా చూపారు. హైదరాబాదులో భూ అయస్కాంత క్షేత్ర తీవ్రత సుమారు 40 మైక్రోటెస్లా. ఆసుపత్రుల్లో సాధారణంగా వాడే 1.5 టెస్లా ఎంఆర్ఐ యంత్రానిది అంతకు 35,000 రెట్లకు పైగా ఎక్కువ. అందులో పడుకున్న రోగి రక్తం కూడా ఒక పక్కకు లాగబడదు.

3. ఇనుము లేని గది

మన నగరంలోనే ఇనుమును నిజంగా దూరం పెట్టిన చోటు ఒకటుంది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ ప్రాంతంలోని తన ప్రాంగణంలో 1964 నుంచి అయస్కాంత వేధశాలను నడిపింది. ఇలాంటి వేధశాలల గదులను ఇనుము వాడకుండా కడతారు. నగరం పెరిగి రికార్డుల్లో అలజడి ఎక్కువ కావడంతో చౌటుప్పల్‌లో మరో వేధశాలను ఏర్పాటు చేశారు.

ఈ ఉదాహరణ నుంచి ఒక విషయం గ్రహించాలి. ఇనుము తన చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని మారుస్తుంది. దిక్సూచిని బీరువా దగ్గరికి తీసుకెళ్తే ముల్లు పక్కకు తిరగడం మీరే చూడవచ్చు. కానీ ఆ మార్పు పరికరం కొలతను చెడగొడుతుందే తప్ప, నిద్రపోయే మనిషికి హాని చేస్తుందని రుజువు లేదు. 2010లో స్వీడన్ పరిశోధకులు ఇద్దరు స్ప్రింగు పరుపులు ఎఫ్ఎం తరంగాలను ప్రతిఫలించి క్యాన్సరుకు దారితీయవచ్చని ప్రతిపాదించారు. అది వ్యాధి గణాంకాలపై కట్టిన ఊహ మాత్రమే.

4. తీగలు, టవర్లు

1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రం ఏర్పడిన నాటికి తీగల గురించిన భయమంటే షాక్ భయమే. ‘కనిపించని క్షేత్రం’ భయానికి మలుపు 1979లో వచ్చింది. అమెరికాలోని డెన్వర్‌లో నాన్సీ వర్థైమర్, ఎడ్ లీపర్ విద్యుత్ తీగల సమీపంలోని ఇళ్లకూ, పిల్లల్లో క్యాన్సరు మరణాలకూ సంబంధం కనిపిస్తోందని రాశారు. ఆ ఇళ్లలోని క్షేత్రాన్ని వారు నేరుగా కొలవలేదు. తీగల అమరికను బట్టి అంచనా వేశారు. 2000లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, సగటున 0.3 నుంచి 0.4 మైక్రోటెస్లాకు మించిన ఇళ్లలో పిల్లల లుకేమియా కొంత ఎక్కువగా కనిపించింది. అయితే అలాంటి ఇళ్లు చాలా తక్కువ. క్షేత్రమే కారణమని తేలలేదు.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో విద్యుత్ తీగల అయస్కాంత క్షేత్రాన్నీ, 2011లో సెల్‌ఫోన్ వంటి రేడియో తరంగాలనూ ‘2బి’ వర్గంలో చేర్చింది. ‘క్యాన్సరు కారకం కావచ్చు, రుజువు పరిమితం’ అని దీని అర్థం. కలబంద పూర్తి ఆకు సారం కూడా ఇదే వర్గంలో ఉంది. భారత ప్రభుత్వం 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్ల రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ సూచనలో పదో వంతుకు తగ్గించింది. 900 మెగాహెర్ట్జ్ వద్ద ఇది చదరపు మీటరుకు 0.45 వాట్లు. టవర్ల వివరాలు పౌరులు చూసుకునేందుకు 2017లో ‘తరంగ్ సంచార్’ పోర్టల్ వచ్చింది.

ఇక్కడ దూరం కీలకం. మూలం నుంచి దూరం రెట్టింపైతే తరంగ తీవ్రత సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. అందువల్ల తలకు ఆనించిన ఫోన్ నుంచే సాధారణంగా మనకు ఎక్కువ తరంగశక్తి చేరుతుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ మరింత శక్తితో ప్రసారం చేస్తుంది. కాబట్టి టవరును దూరంగా తరిమితే తలకు చేరే శక్తి తగ్గుతుందని అనుకోలేము. అనుమానం ఉన్నవారు నిద్రపోయేటప్పుడు ఫోనును మంచానికి దూరంగా పెట్టుకుంటే చాలు. దానికి ఖర్చేమీ లేదు.

5. పడకగదిలో లోహం చేసే అసలు హాని

గదిలోని లోహం ప్రాణం తీసే సందర్భం ఒకటుంది. అప్పుడు కారణం తరంగాలు కావు, లీకైన కరెంటు. ఎర్త్ లేని ఇనుప బాడీ కూలర్, ఇన్సులేషన్ ఊడిన వైరు ఆనిన ఇనుప మంచం, సర్వీసు వైరుకు తగిలిన దండెం తీగ మనిషిని క్షణాల్లో చంపగలవు. కొన్ని పదుల మిల్లీఆంపియర్లు గుండె మీదుగా సాగితే చాలు. అందుకే లీకేజీని పసిగట్టి సరఫరాను ఆపే ఆర్‌సీసీబీని ఇళ్లలో సాధారణంగా 30 మిల్లీఆంపియర్లకు అమర్చుతారు. కేంద్ర విద్యుత్ భద్రతా నిబంధనల ప్రకారం 11 కేవీ తీగకు, ఇంటికి మధ్య పక్కవైపు కనీసం 1.2 మీటర్లు, 33 కేవీ తీగకైతే 2 మీటర్లు ఖాళీ ఉండాలి. ఇరుకు వీధిలో మేడ మీద మేడ వేసేటప్పుడు ముందుగా కొలవవలసింది ఈ దూరాన్నే.

6. సారాంశం

కనిపించని దాని మీద భయం ఎక్కువ. అలవాటైన దాని మీద జాగ్రత్త తక్కువ. ఫోనుకు ‘రేడియేషన్ స్టిక్కరు’ కొని, కూలరుకు ఎర్త్ వేయించని ఇల్లు ఈ చరిత్రను మరిచిన ఇల్లు. శాస్త్రం అనుమానాన్ని కొట్టివేయదు. దాన్ని కొలిచి, దాని స్థానంలో ఉంచుతుంది.

నమూనా ప్రశ్నలు

1. ‘2బి’ వర్గం అంటే ఏమిటి? ఉదాహరణతో వివరించండి.
2. డెన్వర్ అధ్యయనం పద్ధతిలోని పరిమితిని చర్చించండి.
3. మీ పడకగదిలోని లోహపు వస్తువుల జాబితా రాసి, వాటిలో వేటికి ఎర్త్ ఉందో పరిశీలించండి.