అండమాన్‌లో వైద్య సిబ్బందికి రక్షణ: దాడులు, బర్నౌట్‌పై చట్టాలు ఏం చెబుతున్నాయి?

రోగి చనిపోయినా, వైద్యం ఆలస్యమైనా బంధువుల కోపం ముందుగా తగిలేది ఎదురుగా ఉన్న నర్సుకో, జూనియర్ డాక్టర్‌కో. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఆరోగ్య సిబ్బందిలో 8 నుంచి 38 శాతం మంది ఉద్యోగ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు భౌతిక దాడికి గురవుతారు. తిట్లు, బెదిరింపులు దీనికి అదనం. పెద్ద నగరంలో అయితే పక్కన మరో డాక్టర్, గేటు దగ్గర సెక్యూరిటీ, దగ్గర్లో పోలీస్ స్టేషన్ ఉంటాయి. అండమాన్ నికోబార్ లాంటి చోట మారుమూల దీవిలో పనిచేసేవారికి ఆ అండ తక్కువ.

దూరమే సమస్య

ఉత్తరం నుంచి దక్షిణానికి 700 కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఈ దీవుల్లో 2011 జనాభా లెక్కల ప్రకారం ఉన్నది సుమారు 3.8 లక్షల మంది. ప్రధాన రెఫరల్ ఆస్పత్రి పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి.పంత్ ఆస్పత్రి. 2024 సెప్టెంబరులో ఈ నగరం పేరును శ్రీ విజయపురంగా మార్చారు. 2015లో మొదలైన అండమాన్ నికోబార్ వైద్య విజ్ఞాన సంస్థకు బోధనాసుపత్రి కూడా ఇదే. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే ఇక్కడికి 500 కిలోమీటర్ల పైమాటే. అక్కడి రోగిని పెద్దాసుపత్రికి తరలించాలంటే ఓడో, హెలికాప్టరో కావాలి. వాతావరణం బాగోలేకపోతే ఆగాల్సిందే. ఆ ఆలస్యం డాక్టర్ చేతిలో లేదు. కానీ ఆ మాట కుటుంబానికి చెప్పాల్సింది ఆయనే.

భాష మరో చిక్కు. 2011 లెక్కల్లో ఇక్కడ బెంగాలీ మాతృభాషగా ఉన్నవారు 28 శాతానికి పైగా ఉండగా, ఆ తర్వాత హిందీ, తమిళం, తెలుగు ఉన్నాయి. తెలుగువారు సుమారు 13 శాతం. రోగి పరిస్థితి విషమంగా ఉందన్న సంగతి అర్థమయ్యే భాషలో, సమయానికి చెప్పకపోతే అనుమానం పెరుగుతుంది. అనుమానం గొడవగా మారడానికి ఎంతోసేపు పట్టదు.

ఏ చట్టం వర్తిస్తుంది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లోనే వైద్య సిబ్బందిపై, ఆస్పత్రులపై దాడుల నివారణకు ప్రత్యేక చట్టం చేసింది. మూడేళ్ల వరకు జైలు, రూ.50 వేల వరకు జరిమానా విధించవచ్చు. నేరం నాన్‌బెయిలబుల్. ధ్వంసమైన పరికరాలకు రెట్టింపు పరిహారం కట్టాలి. అయితే అది రాష్ట్ర చట్టం, సముద్రం దాటి వర్తించదు. అండమాన్‌కు శాసనసభ లేదు కాబట్టి అలాంటి చట్టాన్ని పార్లమెంటైనా చేయాలి, లేదా రాజ్యాంగంలోని 240వ అధికరణం కింద రాష్ట్రపతి రెగ్యులేషన్‌గానైనా తేవాలి. ఆదిమ తెగల రక్షణకు 1956లో తెచ్చింది అలాంటి రెగ్యులేషనే.

కొవిడ్ సమయంలో 2020లో అంటువ్యాధుల చట్టాన్ని కేంద్రం సవరించింది. దాడికి 3 నెలల నుంచి 5 ఏళ్లు, తీవ్రంగా గాయపరిస్తే 6 నెలల నుంచి 7 ఏళ్ల జైలు శిక్ష పెట్టింది. దర్యాప్తు 30 రోజుల్లో ముగించాలంది. కానీ ఇది మహమ్మారి కాలానికే పరిమితం. 2019లో ముసాయిదా దశకు వచ్చిన కేంద్ర బిల్లు ముందుకు సాగలేదు. మామూలు రోజుల్లో మిగిలేది భారతీయ న్యాయ సంహిత. విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగిని అడ్డుకునేందుకు గాయపరిస్తే 121వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు, తీవ్ర గాయమైతే పదేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

కోల్‌కతాలోని ఆర్.జి.కర్ ఆస్పత్రిలో 2024 ఆగస్టు 9న ట్రైనీ డాక్టర్‌పై జరిగిన అత్యాచారం, హత్య తర్వాత ఈ చర్చ మళ్లీ మొదలైంది. దాడి జరిగిన ఆరు గంటల్లోగా ఎఫ్ఐఆర్ నమోదయ్యేలా చూసే బాధ్యత సంస్థ అధిపతిదేనని కేంద్ర ఆరోగ్య శాఖ ఆదేశించింది. సుప్రీంకోర్టు జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ డి.నాగేశ్వర్‌రెడ్డి అందులో సభ్యులు. ప్రత్యేక కేంద్ర చట్టం అవసరం లేదని, ఉన్న చట్టాలు చాలని టాస్క్‌ఫోర్స్ అభిప్రాయపడింది. వైద్యుల సంఘాలు మాత్రం కేంద్ర చట్టం కావాలంటూనే ఉన్నాయి.

బర్నౌట్ అంటే?

ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాక, వృత్తి సంబంధ పరిస్థితిగా పేర్కొంది. లక్షణాలు మూడు: ఒంట్లో శక్తి పూర్తిగా హరించుకుపోవడం, పని మీద విరక్తి, చేసే పనిలో సామర్థ్యం తగ్గినట్టు అనిపించడం. అదుపు చేయని పని ఒత్తిడే కారణం కాబట్టి, వ్యక్తికి ధైర్యం చెప్పినంత మాత్రాన తీరదు. పని తీరు మారాలి.

రెసిడెంట్ డాక్టర్లకు ఏకధాటిగా 12 గంటలు, వారానికి 48 గంటలు మించి డ్యూటీ ఉండకూడదని 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకం సాధారణ నియమంగా పెట్టింది. జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో వారానికి 74 గంటలు మించరాదని, ఒక రోజు సెలవు ఇవ్వాలని సూచించింది. 48 నుంచి 74కు పెరిగిన ఆ అంకె చూస్తేనే క్షేత్రస్థాయి పరిస్థితి అర్థమవుతుంది.

త్యాగం ఒక్కటే చాలదు

2004 సునామీలో లిటిల్ అండమాన్‌లోని ఓంగే తెగ ఆవాసం దెబ్బతిన్నప్పుడు నర్సు శాంతి తెరెసా లక్రా వారితోనే ఉండి సేవలందించారు. 2011లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. 1999లో జరావాల్లో తట్టు వ్యాపించినప్పుడు వైద్యం చేసిన డాక్టర్ రతన్ చంద్ర కర్‌ను 2023లో అదే పురస్కారం వరించింది. ఇలాంటి సేవను గౌరవించాల్సిందే. అయితే వ్యక్తుల ఓర్పు మీదే వ్యవస్థ నడిస్తే, ఆ ఓర్పు అయిపోయిన రోజున ఆ దీవిలో వైద్యమే ఉండదు.

చేయదగిన పనులు కష్టమైనవేమీ కావు. మారుమూల కేంద్రంలో ఒంటరి డ్యూటీ లేకుండా ఇద్దరిని ఉంచడం, పోస్టింగ్‌కు గడువు పెట్టి బదిలీ చేయడం, తాళం పడే క్వార్టర్లు ఇవ్వడం, పెద్దాసుపత్రిలో రోగి బంధువులతో వారి భాషలో మాట్లాడే సిబ్బందిని పెట్టడం, తరలింపు ఎందుకు ఆలస్యమవుతోందో అధికారులే కుటుంబానికి చెప్పడం. మానసిక ఒత్తిడిలో ఉన్నవారు టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.