విద్యుత్ ఉత్సర్గం: ఆర్పడం నుంచి వాడుకోవడం దాకా

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వాయువులలో విద్యుత్ ఉత్సర్గాన్ని వివరించే గణిత నమూనాలు ఏ అవసరాల నుంచి పుట్టాయో చెప్పగలుగుతారు;
• ద్రవాలలో ఉత్సర్గానికి నమూనా తయారుచేయడం ఎందుకు కష్టమో వివరించగలుగుతారు;
• పటాన్‌చెరు ప్రాంతపు వ్యర్థజలాల సమస్యకు ఈ శాస్త్రం ఎంతవరకు ఉపయోగపడుతుందో అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

హైదరాబాదు నుంచి పుణె వైపు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారిపై రామచంద్రాపురం, పటాన్‌చెరు, ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది వరుసగా వస్తాయి. ఔటర్ రింగ్ రోడ్డు ఈ రహదారిని ముత్తంగి దగ్గర కలుస్తుంది. సుమారు పాతిక కిలోమీటర్ల ఈ దారికి ఒక చివర 1960లలో మొదలైన బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం ఉంది. మరో చివర కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది. మొదటి చోట విద్యుత్ ఉత్సర్గం అంటే ఆర్పవలసిన ప్రమాదం. రెండో చోట అదే ఉత్సర్గం కావాలని పుట్టించి వాడుకునే సాధనం. ఈ మార్పు వెనుక ఉన్న శాస్త్ర చరిత్రే ఈ పాఠ్యాంశం.

ముందుగా ఒక నిర్వచనం. వాస్తవ ప్రక్రియలోని ముఖ్యమైన అంశాలను మాత్రమే తీసుకొని, వాటి మధ్య సంబంధాలను సమీకరణాలుగా రాసుకోవడాన్ని నమూనా అంటాం. కాబట్టి ప్రతి నమూనాలోనూ వదిలేసిన అంశాలు కొన్ని ఉంటాయి. ఏమి వదిలేశారన్నది ఆ నమూనా ఏ ప్రశ్న కోసం పుట్టిందో దాన్నిబట్టి ఉంటుంది. ఈ మాటను పాఠం చివరిదాకా గుర్తుంచుకోండి.

2. వాయువు లెక్కకు లొంగిన తీరు

మామూలు గాలి విద్యుద్బంధకం. దాని గుండా విద్యుత్తు ఏ వోల్టేజి దగ్గర దూసుకుపోతుంది? 1889లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ పాషెన్ దీనికి ప్రయోగపూర్వకంగా జవాబిచ్చాడు. భంజన వోల్టేజి వాయు పీడనం మీదో, ఎలక్ట్రోడ్ల మధ్య దూరం మీదో విడివిడిగా కాక, ఆ రెండింటి లబ్ధం మీద ఆధారపడుతుందని చూపాడు. గాలిలో ఈ వోల్టేజి కనిష్ఠ విలువ సుమారు 330 వోల్టులు. అంతకంటే తక్కువ వోల్టేజికి ఖాళీ ఎంత చిన్నదైనా సాధారణంగా భంజనం జరగదు.

ఇలా ఎందుకు జరుగుతుందో 1900 తరువాతి సంవత్సరాలలో జాన్ టౌన్‌సెండ్ వివరించాడు. విద్యుత్ క్షేత్రంలో వేగం పుంజుకున్న ఒక ఎలక్ట్రాన్ వాయు అణువును ఢీకొని మరో ఎలక్ట్రాన్‌ను విడిపిస్తుంది. ఆ రెండూ నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. ఇరవై సార్లు ఇలా రెట్టింపయితే ఒక్క ఎలక్ట్రాన్ పది లక్షలు దాటుతుంది. దీనినే ఎలక్ట్రాన్ల వెల్లువ అంటాం.

అయితే మెరుపు వంటి వేగవంతమైన ఉత్సర్గాలకు ఈ వివరణ చాలలేదు. వెల్లువలోని ఎలక్ట్రాన్ల సంఖ్య సుమారు పది కోట్లకు చేరేసరికి వాటి సొంత ఆవేశమే బయటి క్షేత్రాన్ని మార్చేస్తుంది. టౌన్‌సెండ్ లెక్క వదిలేసిన అంశం ఇదే. 1940 ప్రాంతంలో రేథర్, లోబ్, మీక్ దీనిని చేర్చి స్ట్రీమర్ సిద్ధాంతాన్ని రూపొందించారు.

ఈలోగా 1920లో కలకత్తాలో పనిచేస్తున్న మేఘనాద్ సాహా, ఒక ఉష్ణోగ్రత వద్ద వాయువులో ఎంత భాగం అయనీకరణం చెందుతుందో చెప్పే సమీకరణాన్ని ప్రకటించాడు. 1928లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ అయనీకృత వాయువుకు ప్లాస్మా అనే పేరు వాడాడు. సాహా సమీకరణం ఎలక్ట్రాన్లు, అణువులు ఒకే ఉష్ణోగ్రత వద్ద సమతాస్థితిలో ఉన్నప్పుడు వర్తిస్తుంది. నక్షత్రాల వాతావరణానికి అది అద్భుతంగా సరిపోయింది. కాని వాయువు గది ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండి, ఎలక్ట్రాన్లు మాత్రం పదివేల డిగ్రీలకు పైబడిన శక్తితో తిరిగే అతాప ప్లాస్మాకు దానిని నేరుగా వాడలేం. మనం తరువాత చూడబోయే నీటి శుద్ధిలో పనిచేసేది ఈ రకం ప్లాస్మాయే.

3. ఆర్పవలసిన ఆర్క్

విద్యుత్ వ్యవస్థలు పెరిగే కొద్దీ ఇంజనీర్ల ముందు మరో రకమైన ప్రశ్న నిలిచింది. సర్క్యూట్ బ్రేకర్ విడిపోయేటప్పుడు దాని స్పర్శకాల మధ్య ఆర్క్ రగులుతుంది. మన దేశంలో వాడే 50 హెర్ట్జ్ విద్యుత్తులో ప్రవాహం సెకనుకు వందసార్లు సున్నాకు చేరుతుంది. ఆ సున్నా క్షణంలో ఆరిన ఆర్క్ మళ్లీ అంటుకోకుండా చూడడమే బ్రేకర్ పని.

దీనికోసం 1939లో క్యాసీ, 1943లో మేయర్ ఇచ్చిన నమూనాలు అణువుల జోలికి దాదాపుగా వెళ్లవు. ఆర్క్‌లోకి వచ్చే శక్తి ఎంత, బయటికి పోయే వేడి ఎంత అన్న జమాఖర్చు నుంచే అవి ఆర్క్ వాహకత మార్పును లెక్కగడతాయి. బ్రేకర్ రూపకర్తకు అంతే చాలు.

రామచంద్రాపురం కర్మాగారం ఉత్పత్తులలో టర్బైన్లు, జనరేటర్లతో పాటు స్విచ్‌గేర్ కూడా ఉండేది. పాత తరం బ్రేకర్లలో ఆర్క్ నూనెలో రగిలేది. నిజానికి అది ద్రవంలో కాక, నూనె విచ్ఛిన్నమై ఏర్పడిన, ఎక్కువగా హైడ్రోజన్ ఉండే వాయు బుడగలో రగులుతుంది. ద్రవంలో ఉత్సర్గం అనుకున్నది చాలాసార్లు ద్రవం నుంచి పుట్టిన వాయువులో ఉత్సర్గమే అన్న ఈ పాఠం తరువాత చాలా పనికొచ్చింది.

4. ద్రవం ఎందుకు లొంగలేదు

ఉత్సర్గాన్ని రసాయన సాధనంగా వాడడం కొత్త విషయం కాదు. 1857లోనే వెర్నర్ సీమెన్స్ గాజు గొట్టాల మధ్య ఉత్సర్గం పుట్టించి ఓజోన్ తయారుచేశాడు. దీనిలో గాజు అడ్డుగా ఉండి ఉత్సర్గం ఆర్క్‌గా మారకుండా ఆపుతుంది. దీనినే విద్యుద్బంధక అవరోధ ఉత్సర్గం అంటాం. దాని లోపల జరిగే చర్యలను కంప్యూటర్‌తో వివరంగా లెక్కగట్టడం మాత్రం 1980లలో స్విట్జర్లాండులో ఎలియాసన్, కోగెల్‌షాట్స్ బృందం చేతుల్లో సాధ్యమైంది. ఇక్కడి కష్టం కాలమానాలలో ఉంది. ఒక్కో సూక్ష్మ ఉత్సర్గం నానోసెకన్లలో ముగుస్తుంది. ఓజోన్ ఏర్పడడానికి మైక్రోసెకన్లు పడుతుంది. నీటిలోని కాలుష్యం తగ్గడానికి నిమిషాలు కావాలి. ఒకే లెక్కలో ఈ మూడింటినీ పట్టుకోవాలి.

నీటిలో కష్టం ఇంకా ఎక్కువ. అణువులు దగ్గరదగ్గరగా ఉండడం వల్ల ఎలక్ట్రాన్ వేగం పుంజుకునే లోపే మరో అణువును ఢీకొంటుంది. ముందు బుడగ ఏర్పడి అందులో ఉత్సర్గం జరుగుతుందా, లేక ద్రవమే నేరుగా అయనీకరణం చెందుతుందా అన్నది చాలాకాలంగా నడిచిన చర్చ. 1987లో క్లెమెంట్స్, సాటో, డేవిస్ నీటిలో పల్స్ ఉత్సర్గాల రసాయన ప్రభావాన్ని పరిశీలించి, రంగు నీటిని వివర్ణం చేయడం సాధ్యమేనని చూపారు. ఇందులో కీలక పాత్ర హైడ్రాక్సిల్ రాడికల్‌ది. దాని ఆక్సీకరణ పొటెన్షియల్ సుమారు 2.8 వోల్టులు. ఓజోన్‌ది 2.07 వోల్టులే. కాని హైడ్రాక్సిల్ ఆయుష్షు బహు స్వల్పం. ఎదుట ఏది దొరికితే దానితో చర్య జరుపుతుంది.

5. పటాన్‌చెరు అడిగిన ప్రశ్న

1970ల నుంచి పటాన్‌చెరు ప్రాంతంలో రసాయన, ఔషధ పరిశ్రమలు పెరిగాయి. వాటి వ్యర్థజలాలు నక్కవాగులో చేరి, దాని ద్వారా మంజీరా వైపు పారాయి. పంటలు, బావులు, పశువులు దెబ్బతిన్న గ్రామాల తరఫున 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ అల్లాని కిషన్‌రావు ఈ పోరాటంలో ప్రముఖులు. 1994లో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోకిమ్ లార్సన్ బృందం, సుమారు 90 ఔషధ పరిశ్రమల నీటిని స్వీకరించే ఆ కేంద్రం నుంచి శుద్ధి తరువాత వెలువడే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని ప్రచురించింది. బ్యాక్టీరియాతో పనిచేసే శుద్ధి పద్ధతికి, బ్యాక్టీరియాను చంపడానికే తయారైన మందు ఎదురైతే ఏమవుతుందో మీరే ఊహించండి.

2008లో ఎద్దుమైలారంలో తాత్కాలికంగా మొదలై తరువాత కందికి చేరిన ఐఐటీ హైదరాబాద్‌లో ఆచార్య చల్లపల్లి సుబ్రహ్మణ్యం బృందం అతాప ప్లాస్మాతో నీటిలోని కర్బన కాలుష్యాలను విచ్ఛిన్నం చేసే ప్రయోగాలు చేసింది. మిథిలీన్ బ్లూ వంటి రంగులు, ఎండోసల్ఫాన్ వంటి పురుగుమందు వీటిలో ఉన్నాయి. సీమెన్స్ నాటి అవరోధ ఉత్సర్గమే, ఉత్ప్రేరకాల తోడుతో, ఇక్కడ కొత్త పనికి వచ్చింది.

అయితే ప్రయోగశాల నీటికీ కాలువ నీటికీ తేడా ఉంది. పరిశ్రమల వ్యర్థజలంలో లవణాలు ఎక్కువ. లవణాల వల్ల వాహకత పెరిగితే నీటిలోపలి ఉత్సర్గం కురచబడుతుంది, శక్తి వేడిగా వృథా అవుతుంది. క్లోరైడ్, బైకార్బనేట్ అయాన్లు హైడ్రాక్సిల్ రాడికల్‌ను మధ్యలోనే పట్టుకుంటాయి. శుద్ధమైన నీటికి రాసిన నమూనా వదిలేసిన అంశాలు ఇవే. పటాన్‌చెరు నీటిలో ముఖ్యమైనవీ ఇవే. అందువల్ల ప్లాస్మా మిగతా పద్ధతులకు లొంగని కాలుష్యాలపై ఒక అదనపు దశగా ఉపయోగపడగలదు. వ్యర్థాలను పుట్టిన చోటే తగ్గించే బాధ్యత నుంచి పరిశ్రమను అది విముక్తం చేయదు.

6. సారాంశం

పాషెన్ నుంచి నేటి కంప్యూటర్ నమూనాల వరకు ప్రతి ముందడుగూ, అంతకుముందు వదిలేసిన ఒక అంశాన్ని లెక్కలోకి తేవడం వల్లే పడింది. టౌన్‌సెండ్ వదిలేసిన ఆవేశ ప్రభావాన్ని స్ట్రీమర్ సిద్ధాంతం చేర్చింది. సమతాస్థితి లేని ప్లాస్మాకు సాహా సమీకరణానికి బదులు వేరే లెక్కలు కావలసి వచ్చాయి. ఇప్పుడు చేర్చవలసింది నక్కవాగు నీటిలో నిజంగా ఉన్న లవణాలను, మందులను. ఏ నమూనా ఫలితం మీ ముందుకు వచ్చినా, అందులో ఏ నీటిని, ఏ వాయువును లెక్కించారో ముందు చూడండి.

మాదిరి ప్రశ్నలు

1. టౌన్‌సెండ్ వివరణ స్ట్రీమర్ సిద్ధాంతంగా విస్తరించడానికి కారణమేమిటి?
2. నూనె సర్క్యూట్ బ్రేకర్‌లోని ఆర్క్ ద్రవ ఉత్సర్గాల అవగాహనకు ఎలా తోడ్పడుతుంది?
3. లవణాలు అధికంగా ఉన్న వ్యర్థజలంలో ప్లాస్మా శుద్ధికి ఎదురయ్యే పరిమితులను చర్చించండి.