వార్డు జీవనంలో కౌన్సిలర్: చట్టం, ఆచరణ

పట్టణ ప్రజలకు అత్యంత సమీపంలో ఉండే ప్రజాప్రతినిధి వార్డు కౌన్సిలర్. వీధి కుళాయికి నీరు రాకపోయినా, స్తంభంపై దీపం వెలగకపోయినా, చివరకు ఇంట్లోకి పాము దూరినా తొలి కబురు కౌన్సిలర్ ఇంటికే చేరుతుంది. రేషన్ కార్డు, పింఛను వంటి నేరుగా తన పరిధిలోకి రాని పనులకు సైతం ప్రజలు ఆ గడపనే ఆశ్రయిస్తారు. ఈ సాన్నిహిత్యాన్ని ఆనవాయితీగా మాత్రమే చూడడం పరిపాటి. దీనికి రాజ్యాంగపరమైన ప్రాతిపదిక కూడా ఉంది. పాత్రికేయులు, అధికారుల సమాచారార్థం ఆ వివరాలు ఇక్కడ పొందుపరచడమైనది.

1992 నాటి రాజ్యాంగ 74వ సవరణ చట్టం 1993 జూన్ 1 నుండి అమలులోకి వచ్చింది. దాని ద్వారా చేరిన 243-ఎస్ అధికరణం 3 లక్షలు లేదా అంతకు మించిన జనాభా గల పట్టణాలలో వార్డు కమిటీల ఏర్పాటును నిర్దేశించింది. ఒకే వార్డుకు కమిటీ ఏర్పడితే, ఆ వార్డు సభ్యుడే దానికి అధ్యక్షుడు. చిన్న పట్టణాలు ఈ నిబంధన పరిధిలోకి రాలేదు. 2005 డిసెంబరులో ప్రారంభమైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం ప్రజా భాగస్వామ్య చట్టాన్ని ఒక షరతుగా విధించగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో మునిసిపల్ చట్టాలను సవరించి వార్డు కమిటీలతోపాటు ఏరియా సభలకూ చోటు కల్పించారు. అనేక చోట్ల అవి కాగితానికే పరిమితమయ్యాయన్న విమర్శను తోసిపుచ్చలేము.

తెలంగాణ మునిసిపాలిటీల చట్టం, 2019 ఈ విషయంలో మరింత ముందుకు వెళ్ళింది. హైదరాబాద్ మహానగర పాలక సంస్థకు ఇది వర్తించదు. ప్రతి వార్డులో యువజనులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు, ఒక్కొక్క దానిలో 15 మంది సభ్యులు ఉండాలని చట్టం పేర్కొన్నది. అనగా వార్డుకు 60 మంది. పురపాలక బడ్జెట్‌లో 10 శాతం హరిత బడ్జెట్‌గా కేటాయించాలి. నాటిన మొక్కలలో కనీసం 85 శాతం బ్రతికేలా చూసే బాధ్యత కౌన్సిలర్‌పైనా ఉంచి, విఫలమైతే పదవి కోల్పోయే నిబంధన పెట్టారు. ప్రారంభోత్సవంలో మొక్క నాటి ఛాయాచిత్రం దిగడంతో ప్రతినిధి పని ముగియదన్నది దీని ఆంతర్యం. అయితే మొక్కకు నీరు పోసేది ఆ వీధివారే. వారి సహకారం కూడగట్టలేని కౌన్సిలర్ ఆ 85 శాతాన్ని చేరడం కష్టసాధ్యం.

2020 జనవరిలో ఎన్నికలు జరిగిన పిదప, ఫిబ్రవరి 24 నుండి మార్చి 4 వరకు నిర్వహించిన పట్టణ ప్రగతి కార్యక్రమంలో ఈ కమిటీల ఏర్పాటు చేపట్టారు. కార్యక్రమం ముగిసిన మూడు వారాలలోపే లాక్‌డౌన్ వచ్చింది. నలుగురు ఒకచోట చేరరాని కాలంలో సమావేశాలే ఆధారమైన వ్యవస్థ వేళ్ళూనడం సులభం కాలేదు.

పండుగల వేళ కౌన్సిలర్ పాత్ర ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. బతుకమ్మకు చెరువుగట్టు చదును చేయించడం, దీపాలు పెట్టించడం, బోనాల దారిలో గుంతలు పూడ్పించడం, వినాయక నిమజ్జనం మరునాడు వ్యర్థాలు తొలగింపజేయడం వంటివి వార్తకు ఎక్కని పనులు. విందులు, వితరణలు వ్యక్తిగత ఔదార్యం కిందకు వస్తాయి, పైవి విధినిర్వహణ. వార్తా రచనలో ఈ రెంటినీ వేరుచేసి చూపడం సముచితం.

మహిళలకు సగం స్థానాలు కేటాయించిన తరువాత మరొక అంశం ముందుకు వచ్చింది. ఎన్నికైన మహిళకు బదులు భర్తో, కుమారుడో వార్డులో అధికారం చెలాయించే పోకడ కొన్నిచోట్ల కనిపిస్తున్నది. చట్టంలో అటువంటి ‘ప్రతినిధి’కి తావు లేదు. అధికారులు సమీక్షలకు ఆహ్వానించవలసినది, పాత్రికేయులు అభిప్రాయం కోరవలసినది ఎన్నికైన సభ్యురాలినే.

243-యు అధికరణం ప్రకారం పాలకవర్గం గడువు ఐదేళ్ళు. ఆ గడువు ముగియక మునుపే ఎన్నికలు పూర్తికావాలి. తెలంగాణలోని అత్యధిక పురపాలక సంఘాలలో 2025 జనవరిలో పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారులు బాధ్యతలు స్వీకరించారు. అప్పుడు పారిశుద్ధ్యం, నీటి సరఫరా వంటి సేవలు చూసేందుకు యంత్రాంగం ఉండేది. కానీ తెల్లవారగానే తలుపు తట్టి అడగడానికి తమ వీధి మనిషి లేని కొరత అధికారి సంతకంతో తీరలేదు.

పద ప్రయోగంపై ఒక సూచన: పురపాలక సంఘంలో ఎన్నికైనవారు కౌన్సిలర్, నగరపాలక సంస్థలో కార్పొరేటర్. వార్తలలో ఈ రెండు పదాలు తరచు తారుమారవుతున్నాయి.