యువజన సేవలో అజరయ్యగారి పద్నాలుగేండ్లు

ఈ శతవార్షికోత్సవ సంచికలో దేవాలయముల చరిత్రలు, గురువుల జీవితములు చాలినన్ని వచ్చును గనుక మేము వేరొక సంగతి వ్రాయదలచినాము. మా అనుమసముద్రంపేట, ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట ప్రాంతములో పదవ తరగతో ఇంటరో ముగించి నెల్లూరుకు, చెన్నైకి, బెంగుళూరుకు వెళ్లిపోవు యౌవనస్థులను ఎరుగని కుటుంబము లేదు. వారికి తోడుగా నిలుచుటే జీవితపు పనిగా పెట్టుకొన్నవారెవరైనా ఉన్నారా? ఉన్నారు. తెలుగు సంఘము ఆయనను బిషప్ అజరయ్యగా ఎరుగును గాని, ఆయన మొదటి ఉద్యోగమును మరచినది.

వేదనాయకం సామ్యేలు అజరయ్యగారు 1874లో తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విలైలో ఒక గురువుగారి యింట పుట్టినారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినారు గాని పట్టా చేతికి రాలేదు. 1895లో వై.ఎం.సి.ఏ. అను క్రైస్తవ యువజన సంఘములో కార్యదర్శిగా చేరినారు. (మన బడి పిల్లలాడు వాలీబాలును అమెరికాలో అదే సంఘపువారు కనిపెట్టినదీ ఆ యేడే.) లండనులో 1844లో జార్జి విలియమ్స్ అను బట్టల దుకాణపు గుమాస్తా, పల్లె విడిచి పట్టణము చేరిన తనవంటి పనివాండ్ర కొరకు ఆరంభించిన సంఘమది. మన పిల్లల సంగతియు అదే గదా!

ఆ కార్యదర్శి పని జీతముగల పని. నెలజీతము పుచ్చుకొని చేయునది సేవ యెట్లగునని నేటికీ అడుగువారున్నారు. గురువులకు జీతమిచ్చునప్పుడు ఆ ప్రశ్న రాదేమో! విద్యార్థులతో కూర్చుండుట, బైబిలు తరగతులు నడుపుట, ఊరూర తిరుగుట, ఇవి తీరిక వేళల్లో అయ్యే పనులు కావు. అజరయ్యగారు 1909 వరకు ఆ పనిలోనే ఉన్నారు. 1896లో అమెరికా నుండి వచ్చిన షేర్వుడ్ ఎడ్డీ ఆయనకు సహోద్యోగి, ఆప్తమిత్రుడు. తిరునెల్వేలి మిషనెరీ సంఘము 1903లోను, జాతీయ మిషనెరీ సంఘము 1905 డిసెంబరు 25న శ్రీరాంపూరులోను పుట్టుటకు ఆయన కృషి ముఖ్యము.

1910లో ఎడింబరో మహాసభలో ఆయన చేసిన ప్రసంగము చాలమందికి కష్టము కలిగించినది. మిషనెరీలు ఆస్తులిచ్చినారు, ప్రాణములిచ్చినారు. భారతీయులకు ఇంకను కావలసినది స్నేహమని ఆయన అన్నారు. ఎడ్డీవంటి స్నేహితుడుండగా అట్లనుట కృతఘ్నత కాదా అని తలచవచ్చును. ఆ స్నేహమును రుచి చూచినవాడు గనుకనే అది లేనిచోట లోటు తెలిసినదని మా అభిప్రాయము. ఆ మాట నేడు మన పెద్దలకును తగులును. యువజనుల ఆదివారమున మైకు ముందు నిలిచి బుద్ధి చెప్పుదుము. ఉద్యోగము దొరకక ఇంట కూర్చున్న పిల్లవాని ప్రక్కన అరగంట కూర్చుండము. ప్రహరీగోడకు పద్దు వ్రాయుదుము, యువజనుల పనికి వ్రాయము.

1909లో ఆయన మద్రాసు విడిచి నిజాము రాజ్యములోని దోర్నకల్లుకు వచ్చినారు. ముప్పది అయిదేండ్ల వయస్సున, తమిళుడై యుండి, తెలుగు పల్లెలలో పనికి పూనుకొన్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికను సంఘములో తొలి భారతీయ బిషప్పైనారు. అక్కడను ఆయన పట్టు పల్లె ఉపాధ్యాయుల మీదనే. మాల మాదిగ పల్లెల్లో బడి చెప్పి, ప్రార్థన నడిపిన ఆ ఉపాధ్యాయుల తర్ఫీదుకు ఆయన ఎంతో శ్రమపడినారు. భార్య అన్బు మరియమ్మాళ్‌గారు స్త్రీల పనిని నడిపినారు.

యువజన సంఘములోనేమో సేలముకు చెందిన కె.టి. పాల్‌గారు 1916లో జాతీయ ప్రధాన కార్యదర్శియైన తొలి భారతీయుడైనారు. పట్టణపు పఠనమందిరము పల్లె కుఱ్ఱవానికి అక్కరకు రాదని గ్రహించి, ఆయన సహకార పరపతిని, గ్రామ పునర్నిర్మాణమును ఆ సంఘపు పనిలో చేర్చినారు. 1930లో రౌండు టేబులు సమావేశమునకు వెళ్లి, మరుసటి యేట కన్నుమూసినారు. అజరయ్యగారు 1945 జనవరి 1న దోర్నకల్లులోనే ప్రభువునందు నిద్రించినారు. తాను పాటుపడిన దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడుట ఆయన చూడలేదు.