కియా

కియా దక్షిణ కొరియా కార్ల తయారీ సంస్థ. ప్రధాన కార్యాలయం సియోల్‌లో ఉంది. 1944లో ఉక్కు గొట్టాలు, సైకిల్ విడిభాగాల కర్మాగారంగా మొదలై, 1960లలో మూడు చక్రాల ట్రక్కులు, 1974లో బ్రిసా కారు తయారుచేసింది.

చరిత్ర: 1981లో సైనిక ప్రభుత్వం కియాను కార్ల తయారీ నుంచి తప్పించింది. ఆ గడ్డుకాలంలో బొంగో వ్యాను సంస్థను నిలబెట్టింది. 1986లో మళ్లీ కార్లు మొదలయ్యాయి. 1997లో అప్పుల ఊబిలో కూరుకుపోగా, మరుసటి ఏడాది హ్యుందాయ్ చేజిక్కించుకుంది.

యజమానుల్లో పేరు: 1990లలో అమెరికాలో అడుగుపెట్టిన సెఫియా లాంటి కార్లకు ధర తక్కువ, నాణ్యతా తక్కువేనన్న ముద్ర పడింది. ఇంజిన్, గేర్‌బాక్స్‌లకు పదేళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ కొనేవారి భయం తగ్గించింది. 2006లో చేరిన, గతంలో ఆడిలో పనిచేసిన డిజైనర్ పీటర్ ష్రేయర్ కార్లకు కొత్త ముఖం ఇచ్చాడు: పైఅంచు, కిందిఅంచు మధ్యలో లోపలికి నొక్కుకున్న ‘పులిముక్కు’ గ్రిల్. 2022లో ఈవీ6 యూరప్ ఉత్తమ కారుగా ఎంపికైంది.

మచ్చలూ ఉన్నాయి. థీటా-2 ఇంజిన్ల లోపాలతో అమెరికాలో లక్షల కార్లను వెనక్కి పిలిచారు. అక్కడ అమ్మిన చాలా మోడళ్లలో, అసలు తాళం లేకుండా ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఆపే ఇమ్మొబిలైజర్ లేకపోవడంతో 2021 తర్వాత దొంగతనాలు పెరిగాయి. చవకగా అమర్చగలిగే రక్షణను వదిలేసినందుకు యజమానులే మూల్యం చెల్లించారు.

ఆంధ్రప్రదేశ్‌లో: 2017 ఒప్పందంతో పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద కర్మాగారం వెలిసింది. ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యమున్న ఇది కరవు సీమకు పెద్ద ఊతం. ఇక్కడ తయారైన సెల్టోస్ కారు 2019 ఆగస్టులో విడుదలైంది.